వెడల్పు పాదాలు, చదును అరికాళ్ళు: వ్యాయామానికి బూట్లు కొనే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

నా రెండు పాదాలూ చదునే. పైగా వెడల్పు. పదేళ్ళకు పైగా నడక, జిమ్, అప్పుడప్పుడు కాస్త పరుగు. అందులో మొదటి ఐదేళ్ళు బూట్లు కరుస్తూనే ఉన్నాయి, నేను కొంటూనే ఉన్నాను. ఆ తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు నా పాదాన్ని కాగితం మీద గీసి చూపించారు. అప్పటినుంచి కొనే పద్ధతే మారిపోయింది. తెలిసినవాళ్ళు షాపుకు వెళ్ళే ముందు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. నేను డాక్టరును కాను, కాబట్టి నొప్పి సంగతి వచ్చినచోట డాక్టరు దగ్గరికే వెళ్ళమంటాను.

నాది ఫ్లాట్ ఫుట్ అవునో కాదో ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. తడి కాళ్ళతో వచ్చి పొడి గచ్చు మీద మామూలుగా ఒక అడుగు వేయండి. కృష్ణాష్టమికి గుమ్మం నుంచి దేవుడి గది దాకా పిడికిలి అంచుతో పిండి పాదాలు అద్దుతారు కదా, వాటికి లోపలివైపు ఒక వంపు ఉంటుంది. అరికాలికి వంపు ఉన్నవాళ్ళ అచ్చు అలాగే పడుతుంది. చదును పాదానికి ఆ ఖాళీ ఉండదు. మడమ నుంచి వేళ్ళ దాకా నిండుగా తడి అంటుతుంది.

అచ్చు నిండుగా పడిందని కంగారు పడకండి. రెండో పరీక్ష ఇంకా ముఖ్యం. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవండి, వెనక నుంచి ఎవరినైనా చూడమనండి. లేచినప్పుడు అరికాలి కింద వంపు కనపడి, దిగగానే మాయమైతే అది సాగే రకం చదును పాదం. మనలో ఎక్కువమందిది ఇదే. చాలామందికి జీవితంలో ఏ నొప్పీ ఉండదు. మునివేళ్ళ మీద లేచినా వంపు రాకపోతే, ఒంటికాలి మీద మడమ ఎత్తలేకపోతే, లేదా ఒక కాలు మాత్రమే ఈమధ్య చదునైపోతుంటే బూట్ల షాపు తర్వాత, ముందు ఎముకల డాక్టరు.

చదును పాదం ఉంటే వెడల్పు కూడా ఉన్నట్టే కదా?

కాదు. అందరూ ఇక్కడే పొరబడతారు. వంపు ఉండటం, లేకపోవడం ఒక సంగతి. వేళ్ళ మొదళ్ళ దగ్గర పాదం ఎంత పరుచుకుంటుందన్నది ఇంకో సంగతి. సన్నటి చదును పాదాలు ఉన్నాయి, ఎత్తైన వంపు ఉన్న వెడల్పు పాదాలూ ఉన్నాయి. రెండూ కలిసి వచ్చినవాళ్ళకు బూటు రెండు చోట్ల ఇబ్బంది పెడుతుంది. చిటికెన వేలి పక్కన నొక్కుతుంది, అరికాలి మధ్యలో ఏదో ఉండ పెట్టినట్టు ఒత్తుతుంది. మొదటిది వెడల్పు సమస్య, రెండోది వంపు సమస్య. ఏది ఎక్కువ బాధపెడుతోందో ముందు తేల్చుకోండి. నా అనుభవంలో వెడల్పు సరిచేస్తే సగం పైగా బాధ అక్కడితోనే పోతుంది, వంపు గురించి బెంగ కూడా తగ్గుతుంది.

పాదం కొలత సరిగ్గా ఎలా తీసుకోవాలి?

సాయంత్రం తీసుకోండి, రోజంతా నిలబడి తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది. ఒక తెల్ల కాగితాన్ని గోడకు ఆనించి నేల మీద పరిచి, మడమ గోడకు తగిలేలా నిలబడండి. కూర్చుని కొలవకండి. చదును పాదం మీద బరువు పడగానే వంపు దిగి, పాదం పొడవూ వెడల్పూ రెండూ పెరుగుతాయి. కుర్చీలో కూర్చుని గీసిన గీతకూ నిలబడి గీసిన గీతకూ తేడా మీకే కనపడుతుంది.

గీత ఇంకొకరితో గీయించుకోండి, మనమే వంగితే బరువు మారిపోతుంది. పెన్ను నిటారుగా ఉండాలి. లోపలికి వాలిస్తే పాదం సన్నగా, బయటికి వాలిస్తే లావుగా వస్తుంది. గోడ నుంచి అన్నిటికన్నా పొడుగు వేలి కొన దాకా పొడవు. అది బొటనవేలే కానక్కరలేదు, కొందరికి రెండో వేలు పొడుగు. బొటనవేలి మొదట్లో పొడుచుకొచ్చే ఎముక నుంచి చిటికెన వేలి మొదట్లో ఉన్న ఎముక దాకా వెడల్పు. రెండు కాళ్ళూ కొలవండి, ఏది పెద్దదైతే దానికే కొనండి.

నా ఎడమ పాదం 261 మిల్లీమీటర్ల పొడవు, 106 వెడల్పు. కుడిది 258 పొడవు, 108 వెడల్పు. అంటే పొట్టి కాలే ఎక్కువ వెడల్పు. అన్నేళ్ళు ఈ కాళ్ళ మీదే తిరిగినా ఆ కాగితం చూసేదాకా నాకీ సంగతి తెలియదు. కుడి బూటే ఎప్పుడూ ముందు చిరగడానికి కారణం అప్పుడు అర్థమైంది.

వెడల్పును పొడవుతో భాగించండి. 0.40 దగ్గర లేదా దాటి వస్తే మామూలు వెడల్పు బూట్లు మీకు ఇరుకవుతాయని నేను లెక్క వేసుకుంటాను. ఇది మోటు లెక్కే, కానీ షాపుకు వెళ్ళేటప్పుడు చేతిలో ఒక అంకె ఉండటం మంచిది. ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

షాపులో "ఒక సైజు పెద్దది తీసుకోండి, సెట్ అయిపోతుంది" అంటారు. తీసుకోవచ్చా?

వద్దు. నేను ఐదేళ్ళు చేసిన తప్పు ఇదే.

ఒక నంబరు పెరిగితే పొడవు 8 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. వెడల్పు పెరిగేది రెండు మూడు మిల్లీమీటర్లే. మనకు కావలసింది పక్కన చోటు, వాళ్ళు ఇస్తున్నది ముందు చోటు. అంతటితో ఆగదు. ప్రతి బూటూ వేళ్ళ మొదళ్ళు వంగే చోట వంగేలా తయారవుతుంది. పొడవు పెరిగితే ఆ వంగే గీత ముందుకు జరుగుతుంది, మన పాదం మాత్రం వెనకే వంగుతుంది. అరికాలి వంపుకు ఆనేలా బూటు లోపల పెట్టే ఎత్తు, అంటే వంపు గడ్డ, కూడా తప్పు చోట ఒత్తుతుంది. మడమ లోపల కదులుతుంది, వేళ్ళు బూటును పట్టుకోవడానికి ముడుచుకుంటాయి, అరగంటకే పిక్కలు పట్టేస్తాయి.

ఒకసారి అలా పెద్ద సైజు బూట్లతో ట్రెడ్‌మిల్ మీద నడుస్తుంటే, అలిసిపోయిన కాలి ముందు అంచు బెల్టుకు తట్టుకుని ముందుకు పడ్డాను. దెబ్బ చిన్నదే. కానీ ఆ బూట్లు విప్పి చూస్తే ముందు బొటనవేలంత ఖాళీ ఉంది. పక్కన మాత్రం చిటికెన వేలి దగ్గర జాలీ గుడ్డ ఉబ్బి, దారాలు ఒక్కొక్కటే తెగి, లోపలి మేజోడు రంగు కనపడుతోంది. కొని రెండు నెలలు కూడా కాలేదు.

పొడవు సరిపోయి పక్కన నొక్కుతుంటే అడగవలసింది పెద్ద సైజు కాదు, అదే సైజులో వెడల్పు రకం.

2ఈ, 4ఈ అంటే ఏమిటి?

అమెరికా పద్ధతిలో వెడల్పును అక్షరాలతో చెబుతారు. మగవాళ్ళ బూట్లలో డి అంటే మామూలు, 2ఈ వెడల్పు, 4ఈ బాగా వెడల్పు. ఆడవాళ్ళ బూట్లలో బి మామూలు, డి వెడల్పు, 2ఈ బాగా వెడల్పు. అంటే డి అన్న అక్షరం మగవాళ్ళకు మామూలు, ఆడవాళ్ళకు వెడల్పు. పెట్టె మీద సైజు పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్ని కంపెనీలు అక్షరం వదిలేసి వైడ్, ఎక్స్‌ట్రా వైడ్ అని రాస్తాయి. ఏమీ రాయకపోతే మామూలు వెడల్పే అనుకోండి.

ఒక కంపెనీ 2ఈ ఇంకో కంపెనీ 2ఈతో సమానంగా ఉండదు. బూటును ఒక అచ్చు మీద కుడతారు, దాన్ని లాస్ట్ అంటారు. ఎవరి లాస్ట్ వాళ్ళది. కొన్నిటికి వేళ్ళ దగ్గర చోటు గుండ్రంగా విశాలంగా ఉంటుంది, కొన్నిటికి వెడల్పు పెంచినా ముందు కోసుగానే ఉంటుంది. అందుకే అక్షరం చూసి వదిలేయకుండా కాలు పెట్టి చూడాలి.

నంబర్ల విషయంలో ఒక జాగ్రత్త. మన దగ్గర వాడేది ఇంగ్లండు సైజు. విదేశాల్లో ఉన్న అన్నయ్యో చెల్లెలో పంపేటప్పుడు అమెరికా సైజు అడుగుతారు. మగవాళ్ళ బూట్లలో యూకే 8 అంటే చాలా కంపెనీల్లో యూఎస్ 9, కొన్నిట్లో 8న్నర. నంబరు చెప్పకుండా సెంటీమీటర్లు చెప్పండి, పెట్టె మీద అది కూడా రాసి ఉంటుంది.

మన పాదాలు నిజంగానే వెడల్పా, లేక అది మన అపోహా?

అపోహ కాదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ సీఎల్ఆర్ఐ వాళ్ళు 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల, లక్షకు పైగా మంది పాదాలను త్రీడీ యంత్రాలతో కొలిచారు. యూరప్, అమెరికా వాళ్ళకంటే మనవాళ్ళ పాదాలు వెడల్పని అందులో తేలింది. స్వాతంత్ర్యానికి ముందు నుంచి వస్తున్న ఇంగ్లండు సైజుల్లోనే మనం ఇంకా కాళ్ళు దూరుస్తున్నాం కాబట్టి, భారత్ పేరులోని మొదటి అక్షరంతో "భా" అనే కొత్త సైజుల పద్ధతిని ప్రతిపాదించారు.

ఈ వార్త చదివిన రోజు నాకు చాలా ఊరట అనిపించింది. చిన్నప్పటినుంచి "నీ కాళ్ళే అంత" అని విన్నవాళ్ళకు ఆ ఊరట తెలుస్తుంది. తప్పు కాలిది కాదు, కాలు పెట్టిన అచ్చుది.

ఆర్చ్ సపోర్ట్ (అరికాలి వంపుకు బూటు ఇచ్చే ఆసరా) ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదా?

అలా అనే అమ్ముతారు. కానీ విషయం అంత సూటిగా లేదు.

చదును పాదం నడిచేటప్పుడు లోపలికి ఒరుగుతుంది. దాన్ని ఆపడానికి బూటు లోపలి అంచున గట్టి ఫోమ్ పెడతారు, లేదా మడమకు రెండు వైపులా గట్టుల్లాంటివి కడతారు. వీటికి స్టెబిలిటీ బూట్లని పేరు, ఇంకా గట్టిగా ఉండేవాటికి మోషన్ కంట్రోల్. అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ల శిక్షణలో విడివిడిగా ఒకే తరహా పరిశీలన చేశారు. కొందరికి పాదం ఆకారాన్ని బట్టి బూట్లు ఇచ్చి, మిగతా అందరికీ ఒకే రకం ఇచ్చారు. గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ఫలితాలు 2009, 2010లో అచ్చయ్యాయి. మరోవైపు 2016లో లక్సెంబర్గ్ పరిశోధకులు 372 మంది పరుగెత్తేవాళ్ళను గమనిస్తే, పాదం లోపలికి ఒరిగేవాళ్ళకు మోషన్ కంట్రోల్ బూట్లతో గాయాలు తగ్గాయి.

రెండూ నిజమే. నేను తీసుకున్న అర్థం ఇది: ఫ్లాట్ ఫుట్ అన్న పేరు చూసి గట్టి సపోర్టు కొనకండి. నడిచాక చీలమండ లోపలివైపు, మోకాలి కింది ముందు ఎముక లోపలి అంచున నొప్పి వచ్చేవాళ్ళు స్టెబిలిటీ రకం వేసి చూడండి. నొప్పి లేనివాళ్ళకు వెడల్పు సరిపోయి, అడుగు స్థిరంగా ఉండే మామూలు బూటు చాలు. కాల్గరీ విశ్వవిద్యాలయంలో బెన్నో నిగ్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు బూట్లను పరిశోధించి, చివరికి కాలికి ఏది హాయిగా ఉందో అదే ఎంచుకోమని 2015లో రాశారు. హాయి అంటే మెత్తదనం కాదు. దూదిలా దిగిపోయే సోలు మీద చదును పాదం ఇంకా లోపలికి కుంగుతుంది. షాపులో రెండు నిమిషాలు స్వర్గంలా ఉంటుంది, మూడో కిలోమీటరుకు మోకాలు చెబుతుంది.

అరికాలి మధ్య ఎత్తు గుచ్చుకుంటుంటే "అలవాటవుతుంది" అన్న మాట నమ్మకండి. ఆ గడ్డ మీ వంపుకు సరిపోలేదు, అంతే.

షాపులో కాలు పెట్టాక ఏమేం చూడాలి?

సాయంత్రం వెళ్ళండి, వ్యాయామానికి వేసుకునే మేజోళ్ళే తీసుకెళ్ళండి. కాలు పెట్టే ముందు బూటు లోపలి ఇన్‌సోల్ (అరికాలి కింద పరిచే పలచటి పరుపు) బయటికి తీసి, నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. పాదం అంచులు దాని మీంచి బయటికి పొంగితే ఆ బూటు పక్కన పెట్టేయండి. బిగిస్తే సర్దుకుంటుందని ఆశపడకండి. షాపువాళ్ళు కాస్త వింతగా చూస్తారు, చూడనివ్వండి. అన్ని పరీక్షల్లోకీ నాకు ఎక్కువ డబ్బు మిగిల్చింది ఇదే.

తర్వాత బూటును చేతిలోకి తీసుకుని మడమ వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కండి. అట్టముక్కలా లొంగిపోకూడదు. ముందు, వెనక పట్టుకుని వంచితే వేళ్ళ దగ్గర వంగాలి, నడుమ విరిగినట్టు మడత పడకూడదు. తడిగుడ్డ పిండినట్టు మెలిపెడితే కొంత ఎదురు తిరగాలి.

ఇప్పుడు రెండు కాళ్ళకూ తొడిగి లేసు కట్టి నిలబడండి. పొడుగు వేలి ముందు చేతి బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. లోపల వేళ్ళు హార్మోనియం మెట్లలా విడివిడిగా కదలాలి. మడమ లేవకూడదు. మెట్లు ఉంటే ఎక్కి దిగండి. దిగేటప్పుడు వేళ్ళు ముందుకు గుద్దుకుంటున్నాయా చూడండి. పది నిమిషాలైనా వేసుకుని తిరగండి, ఎందుకంటే వెడల్పు పాదానికి నొక్కు వెంటనే తెలియదు, వేడెక్కాక తెలుస్తుంది.

ఏ కంపెనీల్లో వెడల్పు దొరుకుతుంది?

న్యూ బ్యాలెన్స్, బ్రూక్స్, ఆసిక్స్ చాలాకాలంగా ఒకే మోడల్‌ను రెండు మూడు వెడల్పుల్లో తయారుచేస్తున్నాయి. బ్రూక్స్ అడ్రినలిన్ జీటీఎస్, ఆసిక్స్ జెల్ కయానో, న్యూ బ్యాలెన్స్ 860 స్టెబిలిటీ రకాలు. న్యూ బ్యాలెన్స్ 880 సాదా రకం. స్కెచర్స్‌లోనూ వైడ్ ఫిట్ ఉంటుంది. ఆల్ట్రా వాళ్ళది వేరే దారి. బూటు ముందు భాగాన్ని పాదం ఆకారంలోనే విశాలంగా చేస్తారు, చాలా మోడళ్ళలో మడమ, వేళ్ళు ఒకే ఎత్తులో ఉంటాయి.

హైదరాబాదులో గానీ విజయవాడ, విశాఖలో గానీ షోరూముకు వెళ్ళి అడిగితే ఈ వెడల్పులన్నీ అరలో ఉండకపోవచ్చు. అక్కడ మామూలు వెడల్పు వేసి పొడవు తేల్చుకుని, వెడల్పు రకం తెప్పించమని అడగండి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు నియమం ముందు చదవండి. ఇంట్లో శుభ్రమైన గచ్చు మీద మాత్రమే నడిచి చూడండి, సోలుకు మట్టి అంటితే వెనక్కి తీసుకోరు.

ఆడవాళ్ళు మగవాళ్ళ బూట్లు కొనుక్కోవచ్చా?

నిస్సంకోచంగా. ఆడవాళ్ళ విభాగంలో వెడల్పు రకాలు తక్కువ, ఉన్నా రంగులు రెండే. ఇంగ్లండు నంబరు చాలా కంపెనీల్లో ఇద్దరికీ ఒకటే, అమెరికా నంబరైతే మగవాళ్ళ దానికంటే ఆడవాళ్ళది సుమారు ఒకటిన్నర ఎక్కువ ఉంటుంది. ఒక్క చిక్కుంది. మగవాళ్ళ బూటు మడమ దగ్గర కూడా వెడల్పు. మడమ సన్నగా ఉంటే జారుతుంది, దానికి లేసు కట్టే పద్ధతి కింద చెప్పాను. గర్భం వచ్చాక పాదం ఒక సైజు పెరిగి అలాగే ఉండిపోవడం చాలామందికి జరిగేదే. పెళ్ళికి ముందు నంబరు పట్టుకుని ఏళ్ళ తరబడి ఇరుకు బూట్లలో నడుస్తున్న అక్కలను చూశాను. మళ్ళీ కొలుచుకోండి.

జిమ్‌కూ నడకకూ ఒకే జత సరిపోతుందా?

నడక, ట్రెడ్‌మిల్, తేలికపాటి బరువులైతే సరిపోతుంది. బరువైన స్క్వాట్లు (బరువు మోస్తూ గుంజీల్లా కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్టులు (నేల మీది బరువును నిలబడి ఎత్తడం) చేసేవాళ్ళకు సరిపోదు. పరుగు బూటులోని మందపాటి ఫోమ్ బరువు కింద అణుగుతుంది. చదును పాదం దానితోపాటే లోపలికి ఒరుగుతుంది, మోకాళ్ళు ఒకదానికొకటి దగ్గరవుతాయి. బరువులకు పల్చటి, గట్టి, చదునైన సోలు కావాలి. పల్చటి సోలు కాన్వాస్ బూట్లు మంచివే కానీ వాటిలో ఎక్కువ ఇరుకు. నేను జిమ్ ఒప్పుకున్నచోట బూట్లు విప్పేసి మేజోళ్ళతోనే స్క్వాట్లు చేస్తాను. బొటనవేలి మొదలు, చిటికెన వేలి మొదలు, మడమ, ఈ మూడు చోట్ల నేలను పట్టుకున్నట్టు నిలబడితే వంపు దానంతట అదే కాస్త లేస్తుంది. బూట్లలో ఉన్నప్పుడు అది తెలియదు.

జుంబా, బ్యాడ్మింటన్ లాంటివాటిలో పక్కలకు ఉరకాలి. పరుగు బూట్లు ముందుకు పోవడానికి చేసినవి, పక్కకు పడితే చీలమండ మడత పడుతుంది. కోర్టు బూట్లు వేరే కొనుక్కోండి.

ఇన్‌సోల్ వేసుకుంటే సరిపోదా?

ఇరుకు బూటులో ఇన్‌సోల్ వేస్తే ఇంకా ఇరుకవుతుంది. ముందు వెడల్పు బూటు, దానితో వచ్చిన ఇన్‌సోల్ తీసేసి ఆ చోట కొత్తది. నొప్పి ఉన్నవాళ్ళకు మందుల షాపులో లేదా ఆన్‌లైన్‌లో దొరికే తయారుగా ఉన్న రకంతో మొదలుపెట్టడం మంచిది, అచ్చు తీసి చేయించే ఖరీదైనవి తర్వాత చూడొచ్చు. మొదటి రోజు అరగంట, తర్వాత కొంచెం కొంచెం పెంచండి.

కొనేసిన బూట్లు కాస్త బిగుతుగా ఉన్నాయి. ఏదైనా మార్గం ఉందా?

కొంచెం బిగుతైతే లేసుతో సర్దవచ్చు. లేసు మొత్తం తీసి, పాదం అన్నిటికన్నా వెడల్పుగా ఉన్న చోట, అంటే వేళ్ళ వైపు మొదటి ఒకటి రెండు జతల రంధ్రాలు వదిలేసి ఎక్కించండి. పైన నొక్కుతున్న చోట లేసును అడ్డంగా దాటించకుండా అదే వైపు పై రంధ్రంలోకి నిలువుగా తీసుకెళ్ళండి. మడమ జారుతుంటే అన్నిటికన్నా పై రంధ్రంలో చిన్న ఉచ్చు వేసి, అవతలి లేసును అందులోంచి లాగి బిగించండి. మడమకు పట్టు వస్తుంది, ముందు భాగం వదులుగానే ఉంటుంది.

తోలు బూటయితే చెప్పులు కుట్టేవాళ్ళు దిమ్మ పెట్టి సాగదీస్తారు. జాలీ గుడ్డ, రబ్బరు అతుకులు ఉన్న వ్యాయామపు బూట్లు అలా సాగవు. సాగినా తిరిగి ముడుచుకుంటాయి.

పోలీసు, సైన్యం ఉద్యోగాలకు ఫ్లాట్ ఫుట్ అడ్డమా? బూట్లతో సరిచేసుకోవచ్చా?

దేహదారుఢ్య పరీక్షకు తయారయ్యే తమ్ముళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న. తెలుగు రాష్ట్రాల పోలీసు నోటిఫికేషన్లలో అనర్హతల జాబితాలో నాక్ నీ (మోకాళ్ళు ఒకదానికొకటి తగలడం), వెరికోస్ వెయిన్స్‌ (కాళ్ళలో ఉబ్బిన రక్తనాళాలు)తో పాటు ఫ్లాట్ ఫుట్ కూడా కనిపిస్తుంది. సైన్యం వైద్య ప్రమాణాల్లో మాత్రం ఒక వెసులుబాటు ఉంది. మునివేళ్ళ మీద లేస్తే వంపు తిరిగి రావాలి, వేళ్ళ మీద బాగా గెంతగలగాలి, పరుగెత్తగలగాలి, పాదం మృదువుగా కదలాలి, నొప్పి ఉండకూడదు. ఇవన్నీ ఉంటే తీసుకుంటారు. మీరు దరఖాస్తు చేసే నోటిఫికేషన్‌లోని వైద్య నిబంధనలు అక్షరం అక్షరం చదవండి, కోచింగ్ ఫీజు కట్టే ముందే ఎముకల డాక్టరుకు చూపించుకోండి.

బూట్లు, ఇన్‌సోళ్ళు వంపు పుట్టించలేవు. పరీక్ష లోపు వంపు తెప్పిస్తామని అమ్మే పట్టీలకు, రబ్బరు గడ్డలకు డబ్బు పోయకండి. మడమలు ఎత్తి దించడం, వేళ్ళు ముడవకుండా అరికాలిని కుదించి వంపు లేపే సాధన, పిక్కలు సాగదీయడం పాదానికి బలం ఇస్తాయి. పరుగు హాయిగా అవుతుంది. అంతవరకు నమ్మకంగా చెప్పగలను.

మా బాబుకు ఆరేళ్ళు, పాదాలు చదునుగా ఉన్నాయి. స్పెషల్ బూట్లు కొనాలా?

నొప్పి లేకుండా ఆడుకుంటుంటే అక్కరలేదు. చిన్నపిల్లల పాదాలు చదునుగానే ఉంటాయి, వంపు పెరిగేకొద్దీ వస్తుంది. సరిచేసే బూట్లు, ఇన్‌సోళ్ళు మూడేళ్ళు వాడించి చూసిన పరిశోధన 1989లో అచ్చయింది. వాడని పిల్లలకూ వాడిన పిల్లలకూ తేడా రాలేదు. 1992లో మన దేశంలోనే 2300 మంది పిల్లల పాదముద్రలు తీసి చూశారు. బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతానికి చదును పాదాలు ఉంటే, ఉత్త కాళ్ళతో తిరిగేవాళ్ళలో 2.8 శాతానికే ఉన్నాయి. ముందు మూసుకుపోయిన బూట్లు వేసుకునేవాళ్ళలో ఇంకా ఎక్కువ. ఇంట్లో, ఇసుకలో, గడ్డి మీద ఉత్త కాళ్ళతో ఆడనివ్వండి. స్కూలు బూట్లు మాత్రం వేళ్ళు ముడుచుకోని వెడల్పులో కొనండి, వచ్చే ఏడాదికి కూడా వస్తాయని రెండు సైజులు పెద్దవి కొనకండి.

నాకు షుగర్ ఉంది. ఇవే సలహాలు వర్తిస్తాయా?

కొలతల వరకు వర్తిస్తాయి, "హాయిగా ఉందా" అన్న పరీక్ష వర్తించదు. అరికాలు మొద్దుబారినవాళ్ళకు బూటు కరుస్తున్నా తెలియదు. అందుకే కాగితం మీద గీత, ఇన్‌సోల్ మీద నిలబడి చూడటం, ఈ రెండూ మీకు అందరికంటే ముఖ్యం. కొత్త బూట్లు మొదటి వారం అరగంట చొప్పున వేసుకుని, విప్పగానే పాదం చుట్టూ ఎర్రదనం ఉందేమో ఇంట్లోవాళ్ళను చూడమనండి. ఎంసీఆర్ చెప్పులు (షుగర్ ఉన్నవాళ్ళ పాదాలకు ఇచ్చే మెత్తటి రబ్బరు చెప్పులు) వాడుతున్నవాళ్ళు వాటిని వదిలి వ్యాయామం బూట్లకు మారే ముందు డాక్టరును అడగండి.

ఏ నొప్పికి బూట్లు మార్చడం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి?

పొద్దున మంచం దిగగానే మడమలో సూది గుచ్చినట్టు నొప్పి వారాల తరబడి ఉంటే. చీలమండ లోపలివైపు ఎముక కింద వాపు వస్తే, ఎందుకంటే వంపును పట్టి ఉంచే కండర తాడు అక్కడి నుంచే వెళ్తుంది. వేళ్ళ మధ్య కరెంటు కొట్టినట్టు తిమ్మిరి వస్తే. ఒకే కాలు ఆకారం మారుతుంటే. ఈ ఆఖరిదానికి అసలు ఆలస్యం చేయకండి.

ఒక జత ఎన్నాళ్ళు వస్తుంది?

పరుగు బూట్లకు 500 నుంచి 800 కిలోమీటర్లని సాధారణంగా చెబుతారు. రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచేవాళ్ళకు అది నాలుగు నుంచి ఆరున్నర నెలలు. పైన గుడ్డ కొత్తగా ఉన్నా లోపలి ఫోమ్ చచ్చిపోతుంది. బూట్లను బల్ల మీద పెట్టి మడమ వెనక నుంచి కళ్ళ ఎత్తులో చూడండి. చదును పాదాలవాళ్ళ బూట్లు లోపలికి ఒకదానివైపు ఒకటి ఒరిగి కనిపిస్తాయి. అలా ఒరిగిన జతను ఇంక వ్యాయామానికి వేయకండి. కూరగాయలకు, పాలకు వెళ్ళడానికి పనికొస్తుంది. నేను కొత్త జత పెట్టె మీద కొన్న తేదీ పెన్నుతో రాసి పెడతాను. కొత్తది కొనే రోజు కాగితం పరిచి పాదాలు మళ్ళీ గీయించుకుంటాను. పోయినసారి కుడి పాదం ఇంకో మిల్లీమీటరు పెరిగింది.